యజమాని గడి

కాడుబీసనహళ్ళిలో రాత్రి పదకొండున్నర.
ఐదో అంతస్తులో ఏసీ ఆపేశారు.
అద్దాల అవతల రింగ్ రోడ్డు
ఇంకా ఎర్రగా పాకుతూనే ఉంది.
తెల్లవారి ఆరింటికి విడుదల.
ఈలోగా లెక్క తేలాలి:
క్లౌడ్‌లో మనకున్న యంత్రాలెన్ని,
ఏది ఎందుకు, ఎవరి పేరున.

మబ్బు అని పేరు పెట్టారు గానీ
అది ఏ ఊళ్ళోనో ఎవరిదో గోడౌను.
అద్దె గంటకింత.
మనం పడుకున్నా మీటరు పడుకోదు.

పట్టీలో నాలుగు వందల పన్నెండు.
బిల్లులో నాలుగు వందల ముప్పై ఒకటి.
ఆ పంతొమ్మిదింటి కోసమే నా జాగారం.

కొన్ని తేలిగ్గానే దొరికాయి.
టెస్ట్, టెస్ట్-రెండు, టెస్ట్-రెండు-కొత్త,
టెస్ట్-రెండు-కొత్త-అసలైంది.
'దయచేసి-తీసేయొద్దు' అని ఒకటి
పేరుతోనే దణ్ణం పెడుతోంది. లోపల చూస్తే ఏమీ లేదు.
తీసేశాను.
దీపావళి అమ్మకాలకి లేపినవి ఆరు,
పెళ్ళివారు వెళ్ళిపోయినా విప్పని షామియానాలు.

చివరికి ఒకటి మిగిలింది.
పేరు లేదు. యజమాని గడి ఖాళీ.
నాలుగేళ్ళ రెండు నెలలుగా మేలుకునే ఉంది.
రోజంతా ఉలకదు,
రాత్రి రెండింటికి మాత్రం
ఒక్క నిమిషం పని చేస్తుంది.
గ్రాఫులో ఒక్క ముల్లు. అంతే.

వర్గీస్‌ని అడిగితే తెలీదన్నాడు.
"ఆపి చూడు. ఎవరు అరిస్తే వాళ్ళదే"
అంది సుభాషిణి, ఆవలిస్తూ.

ఒంటిగంటా యాభైకి ఆపాను.
పచ్చ చుక్క బూడిదరంగైంది.
చెవులు రిక్కించి కూర్చున్నాను.
అలారం మోగలేదు. ఫోను కదల్లేదు.
నెలకి మూడువేల రెండొందలు మిగిలిందని రాసుకుని
మిషను టీ ఒకటి తెచ్చుకున్నాను.

రెండూ పదికి లిఫ్టు తెరుచుకుంది.
అరుపు కాదు, బూట్ల చప్పుడు.
చౌడప్ప. రెండో గేటు. పావగడ మనిషి.
టోపీ చంకలో పెట్టుకుని
"మేడమ్మా, కాగితం రాలే" అన్నాడు.

ఏం కాగితం?

"ఆడపిల్లోళ్ళ కార్లది. దినామూ రెండు గంటలకి
నా గూట్లో మిషను కొడతాది.
ఏ బండి, ఏ డ్రైవరు, ఎవురు ముందు దిగేది, ఎవురు ఆఖర.
ఆఖర దిగే పాప ఒంటిగా ఉంటే
పేరు కింద గీత పడతాది.
గీత ఉండే బండ్లో నేను మనిషిని ఎక్కిస్తా.
ఈపొద్దు కాగితం లే. తొమ్మిదిమంది నిలబడుండారు."

ఎవరు పెట్టారది?

"వకుళమ్మ. ఒగ రాత్రి డ్రైవరు ఆయమ్మని
సర్జాపురం దాటిచ్చినాడు.
మళ్ళా వారం ఇది పెట్టింది.
ఆమీట వేరే కంపెనీకి పాయె."

అంతకంటే చెప్పలేదు. నేనూ అడగలేదు.

మళ్ళీ లేపడానికి నాలుగు నిమిషాలు పట్టింది.
రెండింటి పనిని చేత్తో ఇంకోసారి నడిపాను.
ఆసేపూ ఆయన నా తెరని
రావలసిన బస్సు కోసం చూసినట్టు చూశాడు.
వాకీటాకీలో ఎవరో కన్నడంలో, "బంతు, బంతు" అన్నారు.
టీ చల్లారిపోయింది.

తొమ్మిది పేర్లు. మూడు బండ్లు. ఒక గీత.

వకుళ పేరు వెతికితే
ఉద్యోగుల్లో అలాంటివారు లేరంది.
ఖాళీ గడిలో కర్సరు కొట్టుకుంటోంది.
నా పేరు రాయబోయి ఆగాను.
జూన్‌లో నేనూ మానేస్తున్నాను,
ఇంకా ఎవరికీ చెప్పలేదు.

యజమాని: చౌడప్ప, రెండో గేటు.
పని: పేరు కింద గీత.

ఆరింటికి విడుదల సజావుగా జరిగింది.
ఏడింటికి తనిఖీ ప్రోగ్రాం నడిచి
ఆ ఒక్క వరుసని ఎర్రగా వెలిగించింది:
ఈ యజమాని మన పట్టీలో లేడు.

నిజమే, ఆయన కాంట్రాక్టు మనిషి.
ఎరుపుని అలాగే వదిలేసి
మెట్లమీదుగా దిగాను.
గేటు దగ్గర డ్యూటీ మారుతున్నారు.